రాళ్ల చదువుకు సింగరేణి ఒక్కటే దిక్కా?

సంపాదకులకు,

భూగర్భశాస్త్రంలో ఎమ్మెస్సీ చేస్తే సింగరేణి బొగ్గు గనులు తప్ప దిక్కులేదన్న మీ ఆదివారం వ్యాసకర్త మాట ఒప్పుకోలేను. యూపీఎస్సీ జియోసైంటిస్ట్ పరీక్ష రాసి భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ (జీఎస్ఐ)లో జియాలజిస్టు కావాలంటే ఆ పీజీ ఉండాల్సిందే. కేంద్ర భూగర్భ జల మండలికీ అదే పరీక్ష దారి. బోర్లు ఎండే రాయలసీమలో నీటిజాడ చెప్పేవాళ్లు అక్కర్లేదా?

ఫీజు తక్కువ కాబట్టే ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో చేరతారని ఆయన అనడమూ అన్యాయం. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరినవారికి ఖోండలైట్ శిలల కొండలు గుమ్మం ముందే. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు. కాస్త దూరం వెళ్తే, తిరుమల ఘాట్‌రోడ్డు పక్కన రెండు శిలాపొరల మధ్య కోట్ల ఏళ్ల అంతరం బండమీదే కనిపిస్తుంది. మంగంపేట ముగ్గురాయి (బెరైటీస్) గనులు సరేసరి!

అడగాల్సింది క్షేత్ర పర్యటనల ఖర్చు గురించి. సుత్తి, దిక్సూచి పట్టి కొండెక్కనివాడికి పట్టా ఇచ్చి ఏం లాభం? దానిపై ఆయన ఒక్క వాక్యమూ రాయలేదు.

– ఒక పాఠకుడు, విశాఖపట్నం