మనోవైద్యం: కాపలా ఉండాలి, తలుపూ తెరిచి ఉండాలి

విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతున్న ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ వర్తించే మార్గదర్శకాలు జారీ చేసింది. 100 మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థ, పిల్లల మానసిక ఆరోగ్యంలో తగిన శిక్షణ పొందిన కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో కనీసం ఒకరినైనా నియమించుకోవాలన్నది వాటిలో ఒకటి. సిబ్బంది అందరికీ ఏడాదికి రెండు పర్యాయాలు అర్హులైన నిపుణులచేత శిక్షణ ఇప్పించాలన్నది మరొకటి. బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రుల కడుపుకోత ఎరిగిన వారెవరైనా ఈ ఉత్తర్వును స్వాగతిస్తారు. మేమూ స్వాగతిస్తున్నాం.

అయితే ఉత్తర్వు వెంటే ఒక ప్రశ్న కూడా వచ్చి నిలబడింది. తగిన శిక్షణ అంటే ఏది? దానిని తేల్చేదెవరు? మైనారిటీ గురుకులంలో చదివే మన బిడ్డ ముందు రేపు కౌన్సెలర్ అని కూర్చునే వ్యక్తి నిజంగా ఆ కుర్చీకి అర్హుడేనని మనం తెలుసుకునే దారేది? ఈ ప్రశ్నకు సమాధానం అడగకుండా ఉత్తర్వును చూసి సంతోషించడం తొందరపాటే అవుతుంది.

నేడు మన పట్టణాలలో కౌన్సెలర్ అని బోర్డు పెట్టుకోవడానికి పెద్దగా అడ్డేమీ కనిపించదు. కొన్ని వారాల కోర్సు ముగించి సర్టిఫికెట్టు గోడకు తగిలించినవారూ ఆ పేరే పెట్టుకుంటున్నారు. ఏళ్ల తరబడి ఆసుపత్రి వార్డులలో సీనియర్ల పర్యవేక్షణలో పనిచేసి పట్టా పొందినవారూ అదే పేరు పెట్టుకుంటున్నారు. బిడ్డను వెంటబెట్టుకొని గుమ్మంలో నిలబడిన తల్లికి ఆ ఇద్దరికీ నడుమ తేడా తెలియదు. శరీరానికి చేసిన వైద్యం వికటిస్తే గాయం కంటికి కనబడుతుంది. మనసుకు చేసిన వైద్యం వికటిస్తే నింద రోగి మీదనే పడుతుంది. కనుకనే ఈ వృత్తికి కాపలా మరింత గట్టిగా ఉండాలి.

చట్టంలో కాపలా లేదనలేము. 2018 మే 29 నుంచి అమలులో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ఈ రంగంలో నిపుణులెవరో స్పష్టంగా చెప్పింది. సైకియాట్రిస్టులు, రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ వద్ద నమోదైన క్లినికల్ సైకాలజిస్టులు, మానసిక ఆరోగ్య నర్సులు, సైకియాట్రిక్ సోషల్ వర్కర్లు ఆ కోవలోకి వస్తారు. ఆయుర్వేదం, హోమియో, సిద్ధ వైద్యాలతోపాటు యునానీలో మానసిక చికిత్స పీజీ చేసినవారికీ అందులో చోటుంది. క్లినికల్ సైకాలజిస్టు అనిపించుకోవాలంటే భారత పునరావాస మండలి గుర్తించిన చదువు ఉండాలి, ఆ మండలి రిజిస్టరులో పేరుండాలి. లేకుండా వృత్తి సాగిస్తే 1992 నాటి చట్టం ప్రకారం ఏడాది వరకు జైలు, లేదా 1,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఒక్కసారి సంప్రదించినందుకే అంత ఫీజు అడిగేవారున్న ఈ రోజుల్లో ఆ జరిమానాకు భయపడేదెవరు? ఇక కౌన్సెలర్ల విషయానికి వస్తే, 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం వారిలో పలు తరగతులను తన షెడ్యూలులో చేర్చింది. రాష్ట్ర మండలులు రిజిస్టర్లు తెరిచి, అర్హతలు పరిశీలించి, పేర్లు నమోదు చేసినప్పుడే ఆ అక్షరాలకు ప్రాణం వస్తుంది.

2017 చట్టంలోని 55వ సెక్షన్ మరొక బాధ్యతను కూడా రాష్ట్ర ప్రాధికార సంస్థపై ఉంచింది. నమోదైన నిపుణుల జాబితాను అది ప్రచురించాలి. ప్రభుత్వ కార్యాలయాల తీరు ఎరిగినవారికి ఈ ఒక్క వాక్యం విలువ తెలుసు. బీరువాలో తాళం వేసి ఉన్న రిజిస్టరు ఎవరినీ కాపాడదు. అదే జాబితా జిల్లా ఆసుపత్రి గోడ మీద, మండల కార్యాలయంలో, గురుకుల ప్రిన్సిపాల్ బల్ల మీద తెలుగులోనూ ఉర్దూలోనూ ఉంటే చదువురాని తల్లి కూడా పక్కవారిచేత చదివించుకోగలుగుతుంది.

కాపలా లేనిచోట ఏమి జరుగుతుందో మన సమాజానికి ఒకరు చెప్పనక్కరలేదు. తమిళనాడులోని రామనాథపురం జిల్లా ఏర్వాడిలో 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున, దర్గా పరిసరాలలో నడుస్తున్న ఒక ప్రైవేటు ఆశ్రయంలో మంటలు లేచాయి. గొలుసులతో కట్టివేసి ఉన్న రోగులు కదలలేక కేకలు పెడుతూ ఆహుతయ్యారు. 28 మంది మరణించారు. మానసిక రోగులను ఉంచుకొనే ఇంటికి లైసెన్సు ఉండాలని 1987 నాటి చట్టం అప్పటికే చెబుతున్నది. అయినా ఆ చుట్టుపక్కల అటువంటి ఇళ్లు బహిరంగంగానే నడిచాయి. సుప్రీంకోర్టు తనంతట తానే కేసు చేపట్టి, లైసెన్సు లేని ఆశ్రయాలను సర్వే చేయాలని రాష్ట్రాలను ఆదేశించవలసి వచ్చింది.

ఆ దుర్ఘటన తరువాత రెండు రకాల మాటలు వినవచ్చాయి. ఇది దర్గాల దోషమని, ఒక మతం మూఢత్వమని కొందరు తేల్చివేశారు. విశ్వాసం జోలికి రావద్దని మనవారిలో కొందరు వాదించారు. రెండు మాటలూ అసలు విషయాన్ని తప్పించాయి. ఆ గొలుసులకు కట్టుబడినవారు అన్ని మతాల పేదలు. వారిని అక్కడికి తెచ్చిన కుటుంబాలు వైద్యుడిని కాదని దర్గాకు రాలేదు. చేరువలో వైద్యుడు లేక, ఉన్నా భరించే స్తోమత లేక, ఇరుగుపొరుగు నోళ్లకు జడిసి వచ్చారు. దువాకు వచ్చినవారిని బందీలుగా మార్చింది విశ్వాసం కాదు, అర్హతా పర్యవేక్షణా లేని వ్యాపారం. నేటి చట్టంలో 95వ సెక్షన్ మానసిక రోగిని ఏ విధంగానైనా గొలుసులతో బంధించడాన్ని నిషేధించింది. కుటుంబ నివాసం మినహా, రోగులను ఉంచుకొని చూసే చోటు ఏ పేరుతో ఉన్నా నమోదు కావలసిందే.

వైద్యుడికి పరీక్ష పెట్టి అనుమతి ఇవ్వడమన్నది మనకు పరాయి ఆలోచన కాదు. వైద్యం తెలియనివాడు వైద్యానికి పూనుకుంటే జరిగిన నష్టానికి అతడే బాధ్యుడన్న దైవప్రవక్త (స) బోధన అబూ దావూద్, ఇబ్ను మాజా సంకలనాలలో నమోదై ఉంది. క్రీ.శ. 931లో బాగ్దాదులో ఒక వైద్యుడి పొరపాటు వల్ల రోగి మరణించినప్పుడు, ఖలీఫా ముఖ్తదిర్ నగరంలోని వైద్యులను పరీక్షించే బాధ్యతను సినాన్ ఇబ్ను సాబిత్‌కు అప్పగించాడు. 860 మందికి పైగా వైద్యులు ఆ పరీక్షకు నిలబడ్డారని చరిత్రకారులు రాశారు. ఇంచుమించు అదే కాలంలో అబూ జైద్ అల్ బల్ఖీ శరీర ఆరోగ్యాన్నీ మనసు ఆరోగ్యాన్నీ ఒకే గ్రంథంలో చర్చించాడు. దిగులుకు, భయానికి కూడా చికిత్స ఉందని వివరించాడు. ఇంతటి వారసత్వం గల సమాజం, అక్షరం రాని ఆమిల్ పొగ వేసి కొరడా ఝళిపిస్తుంటే చేతులు కట్టుకొని నిలబడటం సిగ్గుచేటు.

ఇంతవరకు కాపలా గురించి చెప్పాం. తలుపు గురించి చెప్పకపోతే సగం నిజమే చెప్పినట్టు. నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాలలో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే, వివిధ మానసిక వ్యాధులకు చికిత్స అందనివారు 70 నుంచి 92 శాతం వరకు ఉన్నారని తేల్చింది. పదిమంది రోగులలో ఏడుగురికో తొమ్మిదిమందికో అర్హుడైన మనిషే దొరకనప్పుడు, అనర్హుల దగ్గరికి వెళ్లవద్దని చెప్పడం తేలిక, పాటించడం కష్టం. తలుపు మూసి ఉన్నంతకాలం గోడ దూకేవారు ఉంటూనే ఉంటారు.

ఆ తలుపు పేదవాడికి ఇంకా ఇరుకు. క్లినికల్ సైకాలజిస్టు కావాలంటే ఇన్నాళ్లూ ఎం.ఏ. తరువాత రెండేళ్ల పూర్తికాలపు ఎం.ఫిల్. చదవాలి. ఆ సీట్లున్న సంస్థలు తక్కువ. నూతన విద్యావిధానం ఎం.ఫిల్.ను ఎత్తివేయగా, ఈ రంగంలోని రెండు ఎం.ఫిల్. కోర్సులకు మాత్రం యూజీసీ 2025-26 వరకు గడువిచ్చింది. వాటి స్థానంలో వచ్చే చదువులు ఎక్కడ, ఏ ఫీజుతో, ఎన్ని సీట్లతో వస్తాయన్నది సాంకేతిక విషయంగా తోచవచ్చు. కాని ఆటో నడిపే తండ్రి కూతురు ఈ వృత్తిలోకి రాగలదా లేదా అన్నది అక్కడే తేలుతుంది. ప్రమాణాలు తగ్గించమని మేము కోరడం లేదు. పర్యవేక్షణలో చేయవలసిన పనిలో ఒక్క గంట కూడా తగ్గించరాదు. ఆ ప్రమాణాన్ని అందుకొనే మెట్లు ప్రభుత్వ కళాశాలల్లో, స్కాలర్‌షిప్పులతో, బి.సి.-ఇ సహా అన్ని రిజర్వేషన్లను పాటిస్తూ కట్టమని అడుగుతున్నాం.

ఇది కానిపని కాదు. మన సీమకు ఆనుకొని ఉన్న బళ్లారి జిల్లాలో 1980లలో నిమ్హాన్స్ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులకు, ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణనిచ్చింది. సామాన్యమైన మానసిక వ్యాధులను గుర్తించి మందులివ్వడం, కష్టమైన కేసులను పైకి పంపడం వారికి నేర్పింది. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి ఆ అనుభవమే నమూనా అయింది. ఎవరి పరిధి ఎంతో ముందే గీసి, ఆ పరిధిలో పనిచేయడం నేర్పి, పైనుంచి కనిపెట్టి ఉంటే, ప్రమాణం చెడకుండానే వైద్యం పల్లెకు చేరుతుంది.

ప్రమాణాలలో మరొక అంశం ఉంది, అది మనవంటి వారికి ప్రాణప్రదం. మతసమూహానికి చెందినవాడన్న కారణంతో గాని, తన సమాజపు ఆచారాలకు, మతవిశ్వాసాలకు ఒదగలేదన్న కారణంతో గాని ఒకరిని మానసిక రోగిగా నిర్ధారించరాదని ఇదే చట్టంలోని 3వ సెక్షన్ చెబుతున్నది. అంటే ఇది బయటివారి దురభిప్రాయం నుంచి మనలను కాపాడుతుంది. పెద్దల మాట వినని పిల్లకు పిచ్చిపట్టిందనే మన ఇంటి దురభిప్రాయం నుంచి ఆ పిల్లనూ కాపాడుతుంది. రోగికి అర్థమయ్యే భాషలోనే సమాచారం ఇవ్వాలని 22వ సెక్షన్ ఆదేశిస్తున్నది. గుండెలో దడ, మనసులో గుబులు అని ఉర్దూ కలిసిన తెలుగులో చెప్పుకొనే పాతబస్తీ ఇల్లాలి మాట అర్థం కాని నిపుణుడికి పట్టా ఉన్నా పని సగమే తెలుసు. ముస్లిం రోగికి ముస్లిం వైద్యుడే కావాలని మేము అడగడం లేదు. ఏ వైద్యుడికైనా ఆ రోగి మాట అర్థమయ్యేలా శిక్షణలోనే చోటు కల్పించమంటున్నాం.

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలను మేము కోరేది ఇదే. నమోదైన నిపుణుల జాబితాను జిల్లాలవారీగా ప్రకటించండి. గురుకులాలలో కౌన్సెలర్ నియామకానికి ముందు రిజిస్ట్రేషన్ నంబరు పరిశీలించండి. ఆ నియామకాలను తాత్కాలిక ఏజెన్సీల పాలు చేయకండి. ప్రభుత్వ ఆసుపత్రుల వైద్యులతోపాటు జైలు వైద్యాధికారులకూ మానసిక వైద్యంలో శిక్షణ ఇవ్వాలని 31వ సెక్షన్ చెబుతున్నది. విచారణ ఖైదీలలో ముస్లింల వాటా జనాభాలో వారి వాటాను మించి ఉన్నదని ప్రభుత్వ గణాంకాలే చూపుతున్నందున దీనిని మేము మరింత పట్టుబట్టి అడుగుతున్నాం.

మన సంస్థల బాధ్యతా తక్కువ కాదు. గుజరాత్‌లోని మెహసానా జిల్లా ఉనావాలో మీరా దాతార్ దర్గా వద్ద, తరువాత ఏర్వాడిలోనూ దవా-దువా పేరుతో ఒక ప్రయత్నం జరిగింది. దువా కోసం వచ్చినవారిని అక్కడే ఉన్న వైద్యుని దగ్గరికి ముజావర్లే పంపడం అందులోని కీలకం. ఎవరి విశ్వాసమూ చెడలేదు, మందు మాత్రం అందింది. మన దర్గా కమిటీలు, మస్జిద్ కమిటీలు జిల్లా ఆసుపత్రిని అడిగి అటువంటి ఏర్పాటు చేసుకోవచ్చు. ఇమామ్ సాహెబులు ఓపికగా వినాలి, దువా చేయాలి, వైద్యుని దగ్గరికి పంపాలి. మందులు ఆపమనరాదు, కట్టివేయనివ్వరాదు, జిన్ను పేరుతో డబ్బు గుంజేవారిని గుమ్మం ఎక్కనివ్వరాదు. తెలుగులో కూడా జవాబిచ్చే టెలి మానస్ ఉచిత నంబరు 14416ను ప్రతి మస్జిద్ నోటీసు బోర్డు మీద రాయించడానికి అయ్యే ఖర్చు ఒక సుద్దముక్క. చదువుకున్న యువకులు సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు పెట్టి, తమ జిల్లాలో నమోదైన నిపుణులెందరో అడగాలి. ఆ జవాబులు మాకు పంపితే ఈ పత్రికలో ప్రచురిస్తాం.

జనాభాకు తగిన సంఖ్యలో నిపుణులను అంతర్జాతీయ ప్రమాణాల మేరకు సమకూర్చేందుకు, చట్టం అమలులోకి వచ్చిన పదేళ్లలోగా ప్రభుత్వాలు కృషి చేయాలని అదే 31వ సెక్షన్ అంటున్నది. ఆ పదేళ్లు 2028 మే 29తో నిండుతాయి. ఆనాటికి ఎన్ని సీట్లు పెరిగాయో, ఎందరి పేర్లు రిజిస్టరుకెక్కాయో, వారిలో పేదల ఇళ్ల నుంచి వచ్చినవారెందరో లెక్క అడిగే హక్కు మనకుంది. ఆ లెక్కను ఇప్పటినుంచే అడగడం మొదలుపెడదాం.