డీజిల్ ఎటు పోతోంది?

మిర్చి సీజన్ వచ్చిందంటే మహబూబాబాద్ పల్లెల నుంచి తెల్లారకముందే ట్రాలీలు బయల్దేరతాయి. బస్తాలు ఎత్తుకుని వరంగల్ ఎనుమాముల మార్కెట్ దారి పడతాయి. వాటిల్లో పదేళ్లు దాటిన టాటా ఏస్‌లూ బొలెరో పికప్‌లూ బోలెడు. చాలావరకూ చేతులు మారినవే. ఓనర్లందరిదీ ఒకటే మాట... ‘బండి డీజిల్ తాగేస్తోంది!’

తాగితే నష్టమెంత? రానూపోనూ 120 కిలోమీటర్లు అనుకోండి. లీటరుకి 14 కిలోమీటర్లు ఇచ్చే బండికి ఎనిమిదిన్నర లీటర్లు చాలు. అదే 10కి పడిపోతే 12 లీటర్లు పోయాలి. లీటరు 95 రూపాయల లెక్కన ట్రిప్పుకి 325 రూపాయలు ఎక్కువ. నెలకి 20 ట్రిప్పులైతే ఆరున్నర వేలు! కిరాయి మాత్రం పెరగదు. ఇక ఫైనాన్స్ కిస్తీ, పిల్లల ఫీజు ఎలా కట్టాలి?

షెడ్డుకి తీసుకెళితే ‘ఇంజిన్ దించాల్సిందే’ అంటారు. ఆ వేలు ఖర్చుపెట్టే ముందు అసలు మైలేజీ ఎంతొస్తోందో కొలవాలి. రోజూ 500 రూపాయలది కొట్టించుకుంటే అది ఎప్పటికీ తెలియదు. ఒకసారి ట్యాంకు నిండా పోయించి, రీడింగ్ రాసుకుని, రెండు మూడు ట్రిప్పులయ్యాక అదే బంకులో మళ్లీ నింపాలి. తిరిగిన కిలోమీటర్లను రెండోసారి పట్టిన లీటర్లతో భాగిస్తే సరి. పిల్లల నోట్‌బుక్ చివరి పేజీ చాలు ఈ లెక్కకి.

ఆ తర్వాత చక్రాలు. టైర్లో గాలి తగ్గితే బండి బరువుగా లాగుతుంది. పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడే చూసుకోవాలి. లోడుకి వెనక చక్రాల్లో ఎంత ఉండాలో కంపెనీ చెప్పినంతే. పాత బండ్లలో ఇంకో దొంగ బ్రేకు. నొక్కి వదిలినా పూర్తిగా వదలదు. కొంతదూరం నడిపి ఆపాక ఒక చక్రం దగ్గరే వేడి కొడుతుంటే అక్కడ పట్టేస్తోందన్నమాట. చెయ్యి ఆనించొద్దు, కాలుతుంది. దగ్గరికి తెస్తేనే తెలిసిపోతుంది.

భూపాలపల్లి బండ్లది వేరే గోల. ఓపెన్‌కాస్ట్ గనులు, బొగ్గు లారీలు... ఎక్కడ చూసినా దుమ్మే. ఎయిర్ ఫిల్టర్ తొందరగా పూడుకుపోతుంది. గాలి అందక డీజిల్ సరిగ్గా మండదు, నల్లపొగ వస్తుంది. కంపెనీ చెప్పిన గడువు దాకా ఆగకుండా ముందే మార్చడం మేలు. గాలి కొట్టించినా లోపలి నుంచి బయటికి, మెల్లగా కొట్టించాలి. కాగితం చిరిగిందా, ఆ దుమ్ము నేరుగా ఇంజిన్లోకే!

చాలామందికి తట్టనిది థర్మోస్టాట్ వాల్వ్. ఎండాకాలంలో ఇంజిన్ వేడెక్కుతోందని కొన్ని షెడ్లలో దాన్ని తీసి పక్కన పడేస్తారు. వేడి తగ్గినట్టే ఉంటుంది. కానీ ఇంజిన్‌కి పనిచేయడానికి కావలసినంత వేడి కూడా అందదు. చలికాలం పొద్దుటిపూట మరీనూ. చల్లటి ఇంజిన్ డీజిల్ ఎక్కువ మింగుతుంది. వేడెక్కడానికి అసలు కారణం రేడియేటర్ పూడుకోవడమో ఫ్యాన్ బెల్ట్ వదులవడమో కావచ్చు. అది బాగుచేసి వాల్వ్ తిరిగి పెట్టిస్తే పోలా?

జనగామ వైపు 163వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే కాలు యాక్సిలరేటర్ మీదే ఉంటుంది. అలవాటు అలాంటిది! కార్ల విషయంలో 80 వేగం కన్నా 45-55 మధ్య నడిపితే 40 శాతం దాకా ఎక్కువ మైలేజీ వస్తుందని పెట్రోలియం పొదుపు కోసం 1978లో ఏర్పాటైన పీసీఆర్ఏ చెబుతూ వచ్చింది. క్యాబిన్ కన్నా ఎత్తుగా పత్తి బోరాలు వేసుకెళ్లే ట్రాలీకి గాలి దెబ్బ ఇంకా ఎక్కువ. పట్టా రెపరెపలాడకుండా బిగించి కట్టినా కొంత నయమే. ఇక దిగుడులో న్యూట్రల్ చేస్తే డీజిల్ మిగులుతుందనేది ఉత్తమాట. గేర్లో ఉంచి యాక్సిలరేటర్ వదిలేస్తే డీజిల్ దాదాపు ఆగిపోతుంది. న్యూట్రల్లో ఇంజిన్ ఆగకుండా తిరగడానికి డీజిల్ పోతూనే ఉంటుంది, పైగా భారమంతా బ్రేకుల మీద పడుతుంది.

ఇవన్నీ సరిచేశాక మళ్లీ ట్యాంకు నింపి లెక్క చూడండి. అప్పటికీ నల్లపొగ తగ్గకపోతే నాజిళ్లు, పంపు చెక్ చేయించాలి. నీలం పొగ వస్తూ, ఇంజిన్ ఆయిల్ మాటిమాటికీ తగ్గిపోతుంటే మాత్రం ఇంజిన్ దించమన్న మెకానిక్ మాట నిజమే.