రౌతు బిగుసుకుంటే...

"రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుంది" అని మన సామెత. పైవాడు ఉదాసీనుడైతే కిందివారు పని ఎగవేస్తారని దాని భావం. లోకవ్యవహారంలో ఈ సామెత ఎంత సత్యమో నేను వాదించబోను. కాని స్వారీ నేర్పే మైదానంలో దీనిని అక్షరాలా అమలు జరిపి, రౌతు శరీరం ఎంత బిగుసుకుంటే అంత మంచిదని భావించడం మాత్రం పొరపాటని నా అభిప్రాయం. రౌతు బిగుసుకుంటే గుర్రం వీపు నొచ్చుకుంటుంది. రౌతు నడుమూ చెడుతుంది. ఈ పొరపాటును దిద్దగల విద్య ఈనాడు మనకు అందుబాటులో ఉన్నది. అది ఫిజియోథెరపీ. దానిని రోగులకే పరిమితం చేయక, స్వారీ నేర్చుకొనే యువతీయువకుల శిక్షణలో కూడా భాగం చేయాలన్నదే ఈ వ్యాసంలోని ప్రతిపాదన.

తెలుగు అధ్యాపకుడికి గుర్రాలతో ఏమి పని అని విద్యార్థులు నవ్వుకోవచ్చు. డిగ్రీ చదివే రోజుల్లో నేను ఎన్.సి.సి. అశ్వదళంలో కొంతకాలం ఉన్నాను. "ఛాతీ ముందుకు, మడమలు కిందికి, మోకాళ్ళు బిగించు" అని శిక్షకుని ఆజ్ఞ. నేను శిరసావహించాను. గుర్రం మెల్లగా నడిచినంతసేపు ఏ కష్టమూ కలుగలేదు. ఉర్దూలో దుల్కీ అనే ట్రాట్ నడక అందుకోగానే నేను జీను మీద బంతిలా ఎగిరాను. మూడవ రోజున నేలను ముద్దాడాను. పడినందుకు సిగ్గుపడలేదు గాని, ఆ తరువాత నెలల తరబడి నడుము నొప్పి నన్ను విడవలేదు.

ఎం.ఏ. చదువుతున్నప్పుడు ఆ నొప్పితోనే ఒక ఫిజియోథెరపిస్టును ఆశ్రయించాను. ఆయన నన్ను బల్ల అంచున వెల్లకిలా పడుకోబెట్టి, ఒక మోకాలిని ఛాతీకి హత్తుకొమ్మన్నారు. రెండవ తొడ నా ప్రమేయం లేకుండానే బల్లను విడిచి పైకి లేచింది. "గంటల తరబడి కూర్చొని చదవడం వల్ల మీ తుంటి ముందరి కండరాలు కురచబారాయి; అవి మీ నడుమును ముందుకు గుంజుతున్నాయి" అన్నారు. అప్పుడు నాకు విషయం బోధపడింది. అసలే ముందుకు వంపు తిరిగిన నడుముతో ఛాతీని కూడా ముందుకు నెడితే ఆ వంపు మరింత పెరుగుతుంది. శిక్షకుడు కోరినది నిటారుగా కూర్చోవడం. నా దేహం చేయగలిగినది విల్లులా వంగడం. ఆజ్ఞలో దురుద్దేశం లేదు, నాలో అవిధేయత లేదు. ఆ రెంటికీ నడుమ ఉన్న దేహాన్ని చదవగలవారు మాత్రం మైదానంలో లేకపోయారు.

ఇక శాస్త్రం ఏమంటున్నదో చూద్దాం. స్వారీలో ప్రక్కనుండి చూస్తే చెవి, భుజం, తుంటి, మడమ ఒకే నిట్టనిలువు గీత మీద ఉండాలని గురువులు బోధిస్తారు. అయితే ఈ గీత రాతిస్తంభం వంటిది కాదు. గుర్రం నడిచేటప్పుడు దాని వీపు పైకీ కిందికీ, ముందుకూ వెనుకకూ, కుడికీ ఎడమకూ కదులుతుంది. ఈ కదలికలను మొదట అందుకునేది రౌతు శ్రోణి, అనగా తుంటి ఎముకల వలయం. అది గుర్రం వీపుతో పాటు కదిలితే పైన ఉన్న మొండెం నిశ్చలంగా ఉంటుంది. అది బిగుసుకుంటే ఆ కుదుపు వెన్నెముక గుండా తల వరకూ పాకుతుంది. చూపరులకు నిశ్చలంగా కనిపించే మంచి రౌతు నిజానికి అనుక్షణం కదులుతూనే ఉంటాడు.

మోకాళ్ళు బిగించడం గురించి కూడా ఒక మాట. తడి చింతగింజను రెండు వేళ్ళ మధ్య నొక్కితే అది పైకి జారిపోతుంది. తొడల లోపలి కండరాలతో జీనును గట్టిగా నొక్కే రౌతు గతి కూడా అంతే. పడిపోతానన్న భయంతో నొక్కుతాడు, నొక్కిన కొద్దీ జీను నుండి పైకి లేస్తాడు, లేచిన కొద్దీ భయం పెరుగుతుంది. ఇక సమతుల్యానికి ఆధారాలు మూడు: కళ్ళు, లోపలి చెవి, కండరాలూ కీళ్ళూ మెదడుకు పంపే సమాచారం. తల వంచి గుర్రం మెడనే చూసేవాడు నాలుగైదు కిలోల తల బరువును ముందుకు వేలాడదీస్తాడు; ఊపిరి బిగబట్టేవాడు మొండెమంతటినీ కొయ్యబారుస్తాడు. కనుక చూపునూ శ్వాసనూ సరిచేయడం కూడా ఆసనాన్ని సరిచేయడమే.

ఇదంతా పుస్తక జ్ఞానమని కొట్టివేయదలచినవారికి లిజ్ హార్టెల్ జీవితాన్ని గుర్తుచేస్తాను. డెన్మార్కుకు చెందిన ఈ మహిళకు 1944లో పోలియో సోకింది. మోకాళ్ళ కింద కాళ్ళు చచ్చుబడ్డాయి. గుర్రం ఎక్కడానికీ దిగడానికీ ఇతరుల సాయం కావలసివచ్చేది. అయినా ఆమె 1952లో హెల్సింకి ఒలింపిక్ క్రీడలలో డ్రెస్సాజ్ పోటీలో రజత పతకం గెలిచింది. మహిళలకు ఆ పోటీలో ప్రవేశం లభించినది ఆ యేడే. 1956లో స్టాక్‌హోంలో మళ్ళీ రజతం సాధించింది. కాళ్ళ పట్టే స్వారీకి ప్రాణమైతే ఈ విజయాలు అసంభవం. ప్రాణం శ్రోణిలో, మొండెంలో, సమతుల్యంలో ఉన్నదని ఆమె లోకానికి చూపింది.

పాత సంప్రదాయాలకు ఈ సత్యం తెలియదని నేను అనను. వియన్నాలోని స్పానిష్ రైడింగ్ స్కూలులో కొత్తవారిని పొడవైన తాడు చివర వలయాకారంగా తిరిగే గుర్రం మీద, రికాబులూ పగ్గాలూ లేకుండా చాలాకాలం కూర్చోబెడతారు. చేతికీ కాలికీ ఆధారం లేనప్పుడే నడుము తన పని నేర్చుకుంటుంది. వెన్నెముక వంకరతో బాధపడిన అమెరికా శిక్షకురాలు శాలీ స్విఫ్ట్ తన దేహం నేర్పిన పాఠాలతోనే 1985లో స్వారీపై ఒక గ్రంథం వెలువరించింది. చూపు, శ్వాస, దేహకేంద్రం ఆమె బోధనకు మూలాలు. జర్మనీలో సుసాన్ ఫాన్ డీట్సె స్వయంగా ఫిజియోథెరపిస్టు, రౌతు కూడా. సంప్రదాయం 'ఇలా కూర్చో' అంటుంది. ఫిజియోథెరపీ 'నీవు అలా ఎందుకు కూర్చోలేకపోతున్నావు' అని అడుగుతుంది. శిష్యునికి రెండవ ప్రశ్నే మేలు చేస్తుంది.

పూర్వపు రౌతులు ఏ వ్యాయామశాస్త్రం చదివి స్వారీ చేశారని కొందరు ప్రశ్నించవచ్చు. నిజమే. కాని వారు చిన్ననాడే గుర్రమెక్కి, రోజంతా నడిచి, నేల మీద గొంతుకూర్చొని పెరిగినవారు. బల్లల మీదా, సెల్‌ఫోన్ల ముందూ ఒరిగిపోయిన దేహాలతో మనం మైదానానికి వెళ్తున్నాము. పైగా వంకర ఎప్పుడూ రౌతుదే కాకపోవచ్చు. జీను సరిపోకపోవచ్చు, గుర్రానికే నొప్పి ఉండవచ్చు. ఫిజియోథెరపిస్టు శిక్షకుని స్థానం ఆక్రమించనక్కరలేదు. ఆయన కంటికి తోడైతే చాలు.

మన వారసత్వంలో అశ్వవిద్యకు లోటు లేదు. తెలుగులో మనుమంచి భట్టు హయలక్షణ విలాసము రచించాడు. పారసీకంలో ఫరస్‌నామాలు వెలిశాయి. సవారీ, జీను, లగాము, రికాబు అనే మాటలు పారసీకం నుండి వచ్చి ఉర్దూలోనూ తెలుగులోనూ ఒకే ఇంటి బిడ్డల్లా మసలుతున్నాయి. అయితే ఆ గ్రంథాల దృష్టి ప్రధానంగా గుర్రం లక్షణాల మీద, రోగాల మీద. గుర్రాన్ని చదివినంత శ్రద్ధగా రౌతునూ చదవడం మన తరం చేయవలసిన పని. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో మన దేశం డ్రెస్సాజ్ జట్టు స్వర్ణం గెలిచింది. 1982 తరువాత అశ్వక్రీడలలో మనకు దక్కిన తొలి స్వర్ణం అది. ఆ విజేతలు ఐరోపాలో సాధన చేసి వచ్చారు. అటువంటి శిక్షణ మన గడ్డ మీద సామాన్యులకు కూడా అందవలదా?

మన కళాశాలకు గుర్రం లేదు. కొనమని కమిటీవారిని అడగడం లేదు. కాని ఎన్.సి.సి. ద్వారా స్వారీకి వెళ్ళాలనీ, సైన్యంలోనో పోలీసు అశ్వదళంలోనో చేరాలనీ కలలుగనే పిల్లలు మనలో ఉన్నారు. వారికోసం నేను కోరేది స్వల్పం. ఏడాది ఆరంభంలో ఒక రోజు ఫిజియోథెరపిస్టును పిలిపించి, వారి తుంటి, నడుము, భుజాలు పరీక్షింపజేయాలి. ఎవరికి ఏ కండరం కురచో, ఏ ప్రక్క బలహీనమో చెప్పించి, తగిన వ్యాయామం నేర్పించాలి. స్వారీకి ముందు పావుగంట దానిని ఆచరించే అలవాటు వ్యాయామ అధ్యాపకులు చేయించాలి. దీనికి అయ్యే ఖర్చు ఒక క్రికెట్ బ్యాటు వెలను మించదని నా విశ్వాసం.

విద్యార్థులారా! ఈ సాయంత్రమే ఒక స్టూలు మీద కూర్చొని, రెండు పాదాలూ నేలకు ఆన్చి, కళ్ళు మూసుకొని గమనించండి. బరువు కుడివైపు పడుతున్నదా, ఎడమవైపా? తన దేహం ఎటు ఒరుగుతున్నదో తెలియనివాడు గుర్రాన్ని తిన్నగా నడపలేడు. సామెతలోని రౌతు మెత్తబడరాదు, నిజమే. కాని బిగుసుకోనూరాదు. మేలుకొని ఉండాలి.