పేలేది టైరే.. చితికేది రైతే

టమోటా సీజన్ వచ్చిందంటే కోలారు ఎపిఎంసి యార్డుకు పోయే దారులన్నీ కిటకిటలాడతాయి. శ్రీనివాసపురం వైపు మామిడి దిగే మే, జూన్ నెలల్లోనూ అదే సందడి. ఆ సందడి మధ్యే రోడ్డు పక్కన ఒక ట్రాక్టర్ ట్రైలర్ ఒరిగి కనిపిస్తుంది. కింద జాకీ, వెనక నాలుగు బండరాళ్లు, వాటి మీద విరిచి పెట్టిన వేపకొమ్మ. దారిన పోయేవాళ్లు 'టైరు పేలిందంట' అనుకుని బండి పక్కకు తిప్పుకుని వెళ్లిపోతారు. పేలినోడు తలరాత అనుకుంటాడు. ఇందులో తలరాత కన్నా మనుషుల నిర్లక్ష్యమే ఎక్కువ.

టైరు పేలేది రోడ్డు మీదే అయినా అందుకు బీజం పడేది తోటలో, సరుకెత్తే చోట. కోలారు మార్కెట్‌లో టమోటా 15 కిలోల బాక్సు లెక్కన అమ్ముడవుతుంది. 300 బాక్సులంటే సరుకే నాలుగున్నర టన్నులు. క్రేట్ల బరువు, ట్రైలర్ సొంత బరువు వేరే. 'ఇంకో పది బాక్సులెయ్యన్నా, ఏం కాదులే' అన్న మాటతో మొదలై ఆ పది కాస్తా యాభై అవుతాయి. బాడుగ ట్రిప్పు లెక్కన ఇస్తున్నప్పుడు ఒకే ట్రిప్పులో ఎక్కువ తోలేయాలని రైతు చూడటంలో తప్పు పట్టడానికేం లేదు. ధర పడిపోయిన రోజుల్లో కోత కూలి కూడా రాక టమోటాను రోడ్డు పక్కన పారబోసిన రైతులు ఈ జిల్లాలో కొత్తేమీ కాదు. అలాగని 2023 జూలైలో బాక్సు రెండు వేల రూపాయలు దాటినప్పుడు బరువు తగ్గిందా అంటే అదీ లేదు. ఆ లెక్కన 300 బాక్సులంటే ఆరు లక్షల సరుకు. ఆరు లక్షలూ అరిగిపోయిన రెండు చక్రాల మీద ఊగుతూ మార్కెట్‌కు వచ్చాయి.

చాలామంది గాలి ఎక్కువైతే టైరు పేలుతుందనుకుంటారు. అసలు శత్రువు తక్కువ గాలి. గాలి తగ్గిన టైరు ప్రతి చుట్టుకూ పక్కగోడ దగ్గర నలిగి లేస్తుంటుంది. ఆ నలుగుడుకు వేడి పుడుతుంది. లోపలి దారాల నుంచి రబ్బరు విడిపోతుంది. పైకి ఏమీ కనపడదు. అలా లోపల పుచ్చిపోయిన టైరు ఏ గుంతలోనో పడినప్పుడు ఢాం అంటుంది. అందుకే గాలి చూడాల్సింది పొద్దున్నే, బండి కదలక ముందు. పరిగెత్తి వేడెక్కిన టైరులో గాలి పెరిగిందని తీసేస్తే చల్లారాక మళ్లీ తక్కువే అవుతుంది. ఎంత బరువుకు ఎంత గాలి అన్నది టైరు గోడ మీదే అచ్చువేసి ఉంటుంది. అక్కడే తేదీ కూడా ఉంటుంది. నాలుగంకెల్లో మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. 2316 అని ఉంటే 2016లో 23వ వారం తయారైందని అర్థం.

ట్రాక్టరుకు ఉన్న గౌరవం ట్రైలర్‌కు లేదు. ఇంజన్‌కు ఆయిల్ మారుస్తారు, ముందు చక్రాలకు కొత్త టైర్లు వేస్తారు. ట్రైలర్‌కు మాత్రం లారీవాళ్లు పక్కన పడేసిన టైరో, రెండుసార్లు రీట్రేడింగ్ చేయించినదో సరిపోతుందంటారు. రీట్రేడింగ్ తప్పు కాదు. కేసింగు గట్టిగా ఉంటే పనికొస్తుంది. కానీ ఏడాదిలో సగం రోజులు కళ్లం పక్కన ఎండలో నిలబడి పగుళ్లిచ్చిన టైరు మీద కొత్త రబ్బరు అతికిస్తే ఏం లాభం? చట్టం లెక్కలో ట్రైలర్ కూడా మోటారు వాహనమే. దానికీ రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. వెనక ఎర్ర రిఫ్లెక్టర్లు ఉండాలి. ఎన్ని ట్రైలర్లకు ఉన్నాయో సాయంత్రం పూట ముళబాగిలు రోడ్డులో ఓ గంట నిలబడితే తెలిసిపోతుంది.

ఇంజన్ రొదలో వెనక టైరు మెత్తబడింది డ్రైవరుకు తెలియదు. పేలాకే తెలుస్తుంది. అప్పుడు కంగారులో బ్రేకు గట్టిగా తొక్కితే వెనక ఉన్న బరువంతా ట్రాక్టరును తోసుకుంటూ వచ్చి అడ్డం తిప్పేస్తుంది. చాలా ట్రైలర్లకు సొంత బ్రేకులే ఉండవు. స్టీరింగ్ గట్టిగా పట్టుకుని, యాక్సిలరేటర్ మెల్లగా వదిలి, ఎడమ పక్క మట్టి అంచుకు చేర్చడమే దారి. ఇక్కడ ఇంకో మాట చెప్పక తప్పదు. సరుకు మీద కూలీలను కూర్చోబెట్టుకుని తోలేవాళ్లు ఒక్కసారి ఆలోచించాలి. టమోటా చిదికిపోతే మళ్లీ పండుతుంది. పై నుంచి పడ్డ మనిషి?

చిత్తూరు గుజ్జు ఫ్యాక్టరీలకు తోతాపురి తీసుకుపోయే లారీలది ఇంకో కష్టం. పలమనేరు దాటాక మొగిలి ఘాట్ దిగేటప్పుడు ఊరికే బ్రేకు తొక్కుతూ పోతే డ్రమ్ములు కాలి ఆ వేడి రిమ్ము మీదుగా టైరుకు ఎక్కుతుంది. గేరులో దిగమని పాత డ్రైవర్లు చెప్పేది అందుకే. 2024 ఆఖరు నుంచి హొసకోట - బేతమంగళం మధ్య ఎక్స్‌ప్రెస్‌వే మీద బండ్లు తిరుగుతున్నాయి. ఊరి రోడ్డులో నలభై వేగంతో ఎలాగో నెట్టుకొచ్చిన టైరు అక్కడ ఎనభై దాటితే ఎంతసేపు నిలుస్తుందో పికప్ యజమానులు లెక్క వేసుకోవాలి.

పేలిన తర్వాత మరమ్మతు దగ్గర జరుగుతున్నది సగం పనే. స్టెప్నీ వేసేసి, నాలుగు నట్లు బిగించి, 'పోదాం పద' అంటారు. టైరు పేలినప్పుడు తెగిన రబ్బరు పట్టా కొరడాలాగా కొడుతుంది. మడ్‌గార్డు వంగుతుంది, వెనక లైటు వైరు తెగుతుంది, బ్రేకు పైపు ఉంటే అదీ పోతుంది. యార్డు దాకా పోదామని రిమ్ము మీదే ఈడ్చుకెళితే రిమ్ము అంచు వంకరపోతుంది. అలాంటి రిమ్ముకు ఎంత ఖరీదైన టైరు వేసినా మళ్లీ కోసేస్తుంది. హబ్బులో బేరింగు నలిగిందేమో, కమాన్ పట్టీ విరిగిందేమో, ఇరుసు వంగిందేమో, ట్రాక్టరుకు తగిలించే చోట వెల్డింగు చీలిందేమో చూడాలి. ఇరుసు వంగితే కొత్త టైరు ఒక పక్కే అరిగి చూపిస్తుంది. జంట టైర్లున్న చోట ఒకటి పేలితే దాని భారమంతా రెండోది మోసి ఉంటుంది. దాన్ని విప్పి లోపల చూడకుండా నమ్మకూడదు. చక్రం మార్చి కొంత దూరం పోయాక నట్లు మళ్లీ బిగించాలన్నది మెకానిక్కులందరికీ తెలుసు, చేసేవాళ్లు తక్కువ.

పంచర్ షాపు కుర్రాళ్ల సంగతి ఎవరికీ పట్టదు. లాక్ రింగు ఉండే లారీ చక్రాలకు గాలి పడుతున్నప్పుడు రింగు సరిగా కూర్చోకపోతే అది ఎగిరొచ్చి మనిషిని చంపేస్తుంది. ఇనుప బోనులో పెట్టి, దూరంగా నిలబడి గాలి పట్టాలి. హైవే పక్కన రేకుల షెడ్డులో కాలుతో రింగును అదిమిపట్టి గాలి నింపే పిల్లవాడికి ఆ మాట చెప్పినవాడు లేడు.

ఇక డబ్బు లెక్క. పాలసీ ఉంది కదా అని ధైర్యంగా ఉండేవాళ్లు కాగితాలు ఒకసారి తీసి చదువుకోవాలి. టైరు, ట్యూబు మాత్రమే పోతే మామూలు సమగ్ర పాలసీలోనూ పైసా రాదు. అదే ప్రమాదంలో బండి కూడా దెబ్బతింటే టైరు ఖర్చులో సగం దాకా ఇస్తారు. సరుకు రవాణా వాహనాలకైతే టైర్లు, మడ్‌గార్డులు, లైట్లు, బంపర్ల లాంటివి కలవాలంటే 'ఐఎంటి 23' అనే అదనపు షరతు రాయించుకోవాలి. ట్రైలర్ వివరాలు ట్రాక్టరు పాలసీలో లేకపోతే క్లెయిమ్ అక్కడే ఆగుతుంది. వ్యవసాయానికని రిజిస్టరు చేయించి బాడుగకు తోలుతూ ప్రమాదం జరిగితే పేచీ తప్పదు. అటు 2019లో సవరించిన చట్టం ప్రకారం అధిక బరువుకు జరిమానా 20 వేల రూపాయలు, ఎక్కువైన ప్రతి టన్నుకు మరో రెండు వేలు. ఎక్కువ సరుకు అక్కడే దింపేయాలి కూడా. జూన్ ఎండలో దింపిన మామిడి ఎన్ని గంటలుంటుందో రైతుకు వేరే చెప్పాలా?

అన్నిటికన్నా బాధాకరం ఆ బండరాళ్లు. చక్రం మార్చుకుని బండి వెళ్లిపోతుంది, రాళ్లు మాత్రం రోడ్డు మీదే ఉండిపోతాయి. చీకట్లో మోపెడ్ మీద పాల క్యానుతో వచ్చే మనిషి వాటిని చూసేసరికి ఆలస్యమైపోతుంది. రాయి పెట్టినవాడి పేరు ఏ కేసులోనూ ఉండదు. ఆ రాళ్లు తీసి పక్కన పడేయడానికి రెండు నిమిషాలు చాలు. రాళ్లకు బదులు రెండు చెక్క దిమ్మెలు, ఒక ఎర్ర త్రికోణం బండిలోనే పెట్టుకుంటే ఆ గొడవే ఉండదు. జాతీయ రహదారి మీద బండి ఆగిపోతే 1033కు ఫోన్ చేసి సాయం అడగొచ్చని కూడా చాలామందికి తెలియదు.

ఒక్క జరిమానాలతో ఇది తీరేది కాదు. బండి తప్పకుండా ఆగేది మార్కెట్‌లోనే కాబట్టి పని అక్కడ మొదలుపెట్టాలి. స్థలం చాలక ఏళ్లుగా ఇరుకున పడ్డ కోలారు యార్డును విస్తరించేటప్పుడు గాలి పట్టే చోటు, నాలుగు బండ్లు నిలిపే మరమ్మతు షెడ్డు ప్లానులోనే రాయాలి. మండీ యజమానులు సరుకు ఎత్తమని కబురు పంపేటప్పుడే బండికి ఇన్ని బాక్సులని చెప్పాలి. రైతుకు అడ్వాన్సు ఇచ్చేవాళ్ల మాటకు ఆ విలువ ఉంది.

కేజీఎఫ్ సంగతి కూడా ఇక్కడే ఆలోచించాలి. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాక అక్కడి జనం తెల్లవారకముందే బెంగళూరు రైలెక్కుతున్నారు. భారీ బుల్డోజర్లు తయారుచేసే బిఇఎంఎల్ అదే ఊళ్లో ఉంది. అంత పెద్ద యంత్రాలు కట్టే ఊళ్లో, ట్రైలర్ ఇరుసు సరిచేయడం, రిమ్ము తనిఖీ, బోనులో గాలి పట్టడం నేర్పే ఆరు నెలల కోర్సు ఐటిఐలో పెట్టడం అసాధ్యమేం కాదు. ఎక్స్‌ప్రెస్‌వే పక్కనే ఉన్న బేతమంగళం నుంచి రాబర్ట్‌సన్‌పేట దాకా ఆ పనికి గిరాకీ ఉంటుంది.

2025 జూన్‌లో చిత్తూరు జిల్లా యంత్రాంగం బయటి రాష్ట్రాల తోతాపురిని సరిహద్దులోనే ఆపింది. కాయ ఏ రాష్ట్రానిదో చూడటానికి రాత్రింబవళ్లు మనుషులను పెట్టగలిగినప్పుడు, చక్రం ఎలా ఉందో చూడటానికీ పెట్టొచ్చు. నంగలి దగ్గర, వి.కోట రోడ్డులో సీజను మూడు నెలలూ రెండు వైపుల రవాణా అధికారులు కలిసి కూర్చుని టైరు, రిఫ్లెక్టరు చూసి, బాగాలేని బండికి మొదటిసారి జరిమానా బదులు హెచ్చరిక చీటీ, ఒక రిఫ్లెక్టర్ స్టిక్కరు ఇచ్చి పంపితే ఖర్చెంత? మామిడి కోతలకు ముందే ఆ పని జరగాలి.