ఒక్క బోల్టే కదా!

"ఒక్క బోల్ట్ విప్పడానికి ఎనిమిదొందలు అడిగాడా? బాబోయ్, నిన్ను నిలువునా ముంచాడ్రా వాడు!"

మొన్న సోమవారం ఆఫీసులో లంచ్ దగ్గర మా టీమ్ వాడొకడు అన్న మాట ఇది. టేబుల్ చుట్టూ ఉన్న మిగతా నలుగురూ తలలూపారు. అందులో ఒకాయనైతే మెకానిక్కులు మనల్ని ఎన్ని రకాలుగా దోచుకుంటారో చెప్పడం మొదలెట్టి, పెరుగన్నం అయిపోయేదాకా ఆపలేదు. నేను ఆ పూట నోరు మెదపలేదు. మెదపడానికి నాకు మొహం లేదు, ఎందుకో తర్వాత చెప్తాను. కానీ అప్పట్నించీ లోపల కుతకుతలాడుతూనే ఉంది. అందుకే ఈ టపా. కాస్త ఘాటుగా ఉంటుంది, ముందే చెప్తున్నా.

అసలు సంగతేంటంటే, మా నాన్న 2009లో సెకండ్ హ్యాండ్ లో కొన్న హోండా సిటీ ఇప్పుడు నా దగ్గరుంది. 2002 మోడల్. పదిహేనేళ్ళు నిండాక అయిదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకుంటూ నడిపిస్తున్నాం. అమ్మెయ్యమని అందరూ అంటారు, నాకు మనసు రాదు. దాని టైమింగ్ బెల్ట్ మార్చాల్సిన టైం ఎప్పుడో దాటిపోయింది. ఇలాంటి ఇంజన్లలో ఆ బెల్ట్ నడుస్తుండగా తెగితే పైనించి వాల్వులు, కిందనించి పిస్టన్లు కొట్టుకుంటాయి. అంటే రబ్బరు ముక్క కోసం బద్ధకిస్తే ఇంజన్ మొత్తం విప్పుకోవాలి. బెల్ట్ మార్చాలంటే కింది కవర్ తీయాలి, కవర్ రావాలంటే దాని ముందున్న క్రాంక్ పుల్లీ రావాలి, పుల్లీ రావాలంటే దాని మధ్యలో ఉన్న ఒకే ఒక్క బోల్ట్ ఊడాలి.

ఆ ఒక్కటి! తలకాయ వెడల్పు రెండు సెంటీమీటర్లు కూడా ఉండదు. చూడ్డానికి బుద్ధిమంతుడిలా ఉంటుంది. చక్రం నట్లు హోండా వాళ్ళు 108 న్యూటన్ మీటర్లకి బిగించమంటారు. క్రాంక్ బోల్ట్ కి మాత్రం మోడల్ని బట్టి 180 నించి 245 దాకా ఉంటుంది. అది కొత్తగా బిగించినప్పటి లెక్క. ఏళ్ళ తరబడి వేడెక్కి, చల్లారి, వానల్లో నాని, తుప్పు పట్టాక ఊడదీయడానికి ఎంత కావాలో ఏ మాన్యువల్ లోనూ ఉండదు.

ఇక్కడ నా గొప్ప కొంచెం చెప్పుకోవాలి. నేను బీటెక్ మెకానికల్. డిజైన్ ఆఫ్ మెషిన్ మెంబర్స్ పేపర్లో బోల్టెడ్ జాయింట్స్ ప్రాబ్లం డేటా బుక్ ముందేసుకుని పూర్తిగా చేసినవాణ్ణి. బోల్ట్ మీద పెట్టిన టార్కులో సగం దాని తల కింద రాపిడికే పోతుందని, ఓ 40 శాతం మరల్లో రాపిడికి పోతుందని, మిగిలిన పదో వంతే నిజంగా బిగింపుకి పనికొస్తుందని ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ఇంత తెలిసినవాడికి బోల్ట్ ఒక లెక్కా? పోయిన శనివారం పొద్దున్నే మా అపార్ట్ మెంట్ సెల్లార్లో రంగంలోకి దిగాను.

ఎడమ పక్క ముందు చక్రం తీశాను. రూమ్మేట్ ని డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి, ఇంజన్ తిరక్కుండా అయిదో గేర్ వేసి బ్రేక్ తొక్కి పట్టుకోమన్నాను. రాడ్ కి ఇనప పైపు తొడిగి దాని మీద నా బరువంతా వేశాను. కదిలింది! "ఊడిందిరోయ్!" అని కేక కూడా పెట్టాను. తీరా చూస్తే కదిలింది బోల్ట్ కాదు, ఇంజనే. క్లచ్ జారింది. ఆలోచిస్తే జారక ఏం చేస్తుంది? క్లచ్ ని చేసేదే ఆ ఇంజన్ ఇచ్చే టార్కుని కాస్త అటూఇటుగా పట్టి ఉంచడానికి. ఈ బోల్ట్ బిగింపే దానికంటే ఎక్కువ. డిగ్రీ ఉన్నవాడికి ఆ ముక్క పైపు తొడిగేముందు తట్టాలి. నాకు రెండు గంటల తర్వాత, నడుం పట్టేశాక తట్టింది.

చక్రం బిగించుకుని, తోక ముడుచుకుని మా వీధి చివర షెడ్ కి వెళ్ళాను. అక్కడ ఉస్తాద్, ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న పంతొమ్మిది, ఇరవయ్యేళ్ళ కుర్రాడు. ముందు గాలి గన్ పెట్టారు. టకటకటక అని ఒక నిమిషం, కాస్త ఆగి ఇంకో నిమిషం. ఉహూఁ. సన్నటి ఎక్స్ టెన్షన్ పెడితే గన్ కొట్టే దెబ్బంతా ఆ కడ్డీయే స్ప్రింగ్ లా మింగేస్తుంది, బోల్ట్ దాకా చేరదు. అందుకే ఈ పనికి బాగా బరువున్న సాకెట్లు విడిగా దొరుకుతాయి. ఆ షెడ్ లో లేదు. వేడి చేద్దామంటే పుల్లీ వెనకే ఆయిల్ సీల్ ఉంది, పుల్లీలోనే రబ్బరుంది, రెండూ కాలతాయి.

ఇక నేను ఊరుకోవచ్చుగా? జేబులోంచి ఫోన్ తీసి ఉస్తాద్ కి వీడియో చూపించాను. రాడ్ ని బోల్ట్ కి తగిలించి, రెండో కొస నేలకో ఛాసిస్ కో ఆనించి, ఒక్కసారి సెల్ఫ్ కొడితే ఇంజన్ బలానికి బోల్ట్ అదే ఊడిపోతుంది. అయిదు సెకన్ల పని. ఆయన ఓపిగ్గా పూర్తిగా చూసి, ఫోన్ నా చేతిలో పెట్టి అన్నాడు.

"సార్, గా బండ్లు వేరే. గీ పాత హోండా ఇంజన్ ఉల్టా తిరుగుతది. సెల్ఫ్ కొడితే ఊడదు, ఇంకా బిగుస్తది."

నిజమే! చాలా ఇంజన్లు పుల్లీ వైపునించి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపుకి తిరుగుతాయి. ఈ పాత హోండా ఇంజన్లు దానికి రివర్స్. బోల్ట్ మరలు మాత్రం అందరివీ ఎలా ఉంటాయో అలాగే ఉంటాయి. సెల్లార్లో నడుం పట్టెయ్యకపోయి ఉంటే, నేను ఆ వీడియో ప్రయోగం కూడా అక్కడే చేసేసి ఉండేవాణ్ణి. దేవుడున్నాడు.

తర్వాత ఆయన లోపలికెళ్ళి ఒక వింత వస్తువు తెచ్చాడు. ఇలాంటి పుల్లీ మధ్యలో 50 మిల్లీమీటర్ల ఆరు పలకల గుంట ఉంటుంది. దాంట్లో సరిగ్గా కూర్చునే ముక్క, దానికి వెల్డింగ్ చేసిన పొడుగాటి ఇనప పట్టీ. కంపెనీ వాళ్ళు ఇలాంటిదే స్పెషల్ టూల్ గా అమ్ముతారు, ఈయన వెల్డింగ్ షాపులో చేయించుకున్నాడు. పట్టీ కొసని నేలకి ఆనించి పుల్లీని కదలకుండా పట్టుకున్నారు. లారీ పనికి వాడే లావు రాడ్ తెచ్చారు. సాకెట్ పక్కకి ఒరిగిపోకుండా కింద స్టాండ్ పెట్టారు. రాడ్ కి ఆరడుగుల పైపు. కుర్రాడు పట్టీ దగ్గర, ఉస్తాద్ పైపు కొసన. మొదటిసారి పైపు వంగింది. రెండోసారి ఉస్తాద్ మెడ మీద నరాలు లేచాయి. మూడోసారికి తుపాకీ పేలినట్టు ఠప్ మని శబ్దం. నేను బోల్ట్ తెగిందనుకుని కళ్ళు మూసుకున్నా. తెగలేదు, ఊడింది. అప్పటికి గన్ మొదలెట్టి దాదాపు మూడు గంటలు.

సాయంత్రానికి బెల్టూ, వాటర్ పంపూ అన్నీ పడ్డాయి. లేబర్ 2500, బోల్ట్ కి విడిగా 800 అన్నాడు.

ఇదిగో, నాకు మొహం లేదన్నది ఇక్కడే. "ఒక్క బోల్టే కదా భాయ్, దానికి విడిగా 800 ఏంటి?" అన్నాను. అక్షరాలా ఇదే మాట. ఆయన, "మీరు పొద్దున చూసిన్రు కదా సార్, ఊడిందా?" అన్నాడు. అయినా సరే నేను బేరమాడి 500 చేతిలో పెట్టాను. తీసుకున్నాడు. నేను గెలిచినంత సంతోషంగా ఇంటికొచ్చాను.

సోమవారం మధ్యాహ్నం ఆ లంచ్ అయ్యింది. సాయంత్రం ఏడున్నరకి క్లయింట్ కాల్. ఒక పన్ను లెక్కలో పైసల్ని ఎలా సర్దాలో మార్చాలి. మార్చాల్సింది నిజంగానే ఒక లైను. కానీ ఆ లైను మీద ఆధారపడి రాత్రిపూట నడిచే జాబులు పద్నాలుగున్నాయి. నేను రెండు రోజులు ఎస్టిమేట్ ఇచ్చాను. అవతలినించి ఆయన నవ్వుతూ, "ఒక్క లైనే కదా, దానికి రెండు రోజులెందుకు?" అన్నాడు. నాకు చెవుల్లోంచి పొగలొచ్చాయి. కాల్ అయ్యాక అరగంట సేపు మేనేజర్ దగ్గర ఎగిరాను. ఎగురుతూ ఎగురుతూ మధ్యలో ఉస్తాద్ గుర్తొచ్చాడు.

ఇప్పుడు అందరికీ తెలిసిన ఆ కథ సంగతి మాట్లాడుకుందాం. ఏదో పెద్ద మిషన్ ఆగిపోతుంది, ఒక ముసలాయన వచ్చి సుత్తితో ఒక్క దెబ్బ కొడతాడు, నడుస్తుంది. బిల్లులో "కొట్టినందుకు ఒక రూపాయి, ఎక్కడ కొట్టాలో తెలిసినందుకు 999" అని రాస్తాడు. మన వాట్సాప్ గ్రూపుల్లో ఏడాదికి రెండుసార్లు తిరుగుతుంది. లంచ్ లో "నిలువునా ముంచాడ్రా" అన్నవాడు కూడా దాన్ని మా గ్రూపులో ఫార్వర్డ్ చేసినవాడే!

నాకు ఆ కథంటేనే ఇప్పుడు ఒళ్ళు మంట. అది మెకానిక్ ని పొగిడే కథ కాదండీ, మనం మనల్ని పొగుడుకునే కథ. తెలివికి 999, చేతికి ఒక్క రూపాయి! ఎక్కడ కొట్టాలో తెలియడమే గొప్పైతే, ఆ బోల్ట్ ఎక్కడుందో నాకూ తెలుసు. ఎటు తిప్పాలో తెలుసు. ఎంత టార్కు ఎక్కడ పోతుందో శాతాలతో సహా తెలుసు. మరి ఎందుకు ఊడలేదు? ఎందుకంటే ఊడదీయడానికి ఆ పట్టీ కావాలి, ఆ లావు రాడ్ కావాలి, మెడ నరాలు తేలేలా లాగే మనిషి కావాలి. మూడోసారి లాగాలో, ఇంక ఆపాలో చేతికి తెలియాలి. వీటికి మన బిల్లులో కాలమ్ లేదు. బలం అంటే ఫ్రీగా వచ్చేదని మన నమ్మకం. అది ఎవడికైనా ఉంటుందనుకుంటాం, మనకి లేకపోయినా!

రిస్క్ మాటేంటి? మనం తప్పు కోడ్ పెడితే రోల్ బ్యాక్ ఉంది. తెగిన బోల్ట్ కి రోల్ బ్యాక్ లేదు. సగం ముక్క క్రాంక్ షాఫ్ట్ లోపల ఉండిపోతుంది. దాన్ని మధ్యలో డ్రిల్ చేసి వెనక్కి తిప్పి లాగాలి. డ్రిల్ కాస్త పక్కకి పోతే షాఫ్ట్ లో మరలు పోతాయి, అప్పుడిక ఇంజన్ దించడమే. అదే జరిగి ఉంటే నేను ఉస్తాద్ కి డబ్బులిచ్చేవాణ్ణా? "నా బండి పాడు చేశావ్" అని పోట్లాడేవాణ్ణి. ఆ 800లో ఇదంతా ఉంది.

ఇంకొకటి. ఆ కుర్రాడు నవ్వితే ముందు పన్ను సగమే ఉంది. ఎప్పుడో పైపు జారి ఎగిరొచ్చి తగిలిందట. పన్ను కట్టించుకోలేదా అంటే "చూద్దాం సార్" అన్నాడు. మనకి మెడ నొప్పొస్తే కంపెనీ వాళ్ళు కుర్చీ మారుస్తారు. ఎత్తు సరిపోలేదని నేనే రెండుసార్లు మార్పించుకున్నాను.

"అయితే మెకానిక్కులందరూ సత్యహరిశ్చంద్రులా?" అని మీరంటారు. నేనలా అన్లేదు. మార్చని పార్టుకి బిల్లేసేవాళ్ళున్నారు, నాకూ తగిలారు. అసలు నా బోల్ట్ అంత మొండికేయడానికి అంతకుముందు బెల్ట్ వేసిన మహానుభావుడు గన్ తో ఇష్టమొచ్చినట్టు బిగించేసి పోయుండటం కూడా ఒక కారణమని ఉస్తాదే అన్నాడు. (కామెంట్లు లేని కోడ్ రాసేసి కంపెనీ మారిపోయేవాళ్ళు గుర్తొచ్చారా?) ఉస్తాద్ కూడా తిరిగి బిగించేటప్పుడు గన్ తోనే కానిచ్చేయబోయాడు. టార్క్ రెంచ్ పెట్టమని నేను పట్టుబట్టాను, పక్క షెడ్ నించి తెప్పించాడు. ఆ విషయంలో ఆయన్ది తప్పే, ఎందుకంటే లూజైనా కొంపే మునుగుతుంది. మాజ్డా మియాటా తొలి 1.6 లీటర్ల ఇంజన్లలో కొన్నిట్లో ఇదే చోట వదులై, పుల్లీ ఊగి ఊగి, తాళం ముక్క కూర్చునే గాడి అరిగిపోయి, క్రాంక్ షాఫ్ట్ లే పనికిరాకుండా పోయాయి. కాబట్టి పనిలో తప్పుంటే నిలదీయండి, పాత పార్టు చూపించమనండి, బిల్లు అడగండి. కానీ మన కళ్ళ ముందు మూడు గంటలు చెమటోడ్చి చేసిన పనికి "ఒక్క బోల్టే కదా" అనడం నిలదీయడం కాదు. మనకి క్లయింట్ చేసిందే మనం మనకంటే తక్కువ సంపాదించేవాడికి చేస్తున్నాం, అంతే. పైగా మన క్లయింట్ చివరికి ఆ రెండు రోజులకీ డబ్బులిచ్చాడు, ఒక్క గంట కూడా కొయ్యకుండా.

ఇంజనీరింగ్ ఫస్టియర్ లో మనందరికీ వర్క్ షాప్ ఉండేది, గుర్తుందా? ఫిట్టింగ్, కార్పెంటరీ, టిన్ స్మితీ. ఫిట్టింగ్ లో నా ముక్క సరిగ్గా కూర్చోకపోతే ల్యాబ్ అసిస్టెంట్ పది నిమిషాల్లో ఆకురాయి పట్టి సరిచేసి ఇచ్చాడు. రికార్డు మాత్రం నేను చక్కగా రాశాను. మార్కులు నాకొచ్చాయి. ఆయన పేరేంటో నాకు నాలుగేళ్ళలో ఎప్పుడూ తెలుసుకోవాలనిపించలేదు.

తా.క.: లంచ్ లో తలూపిన నలుగుర్లో ఒకడు నిన్న ఉస్తాద్ నంబర్ అడిగాడు, వాడి బండికీ బెల్ట్ మార్చాలట. "కొంచెం తక్కువకి చేస్తాడా?" అన్నాడు. నంబర్ ఇచ్చాను, చెయ్యడని చెప్పాను. ఆ మిగతా మూడొందలు నా దగ్గరే ఉన్నాయింకా. ఏసీ గ్యాస్ నింపించాలి, వచ్చే శనివారం వెళ్తున్నా.