సానుభూతి చాలదు, సంతకం పెట్టే అధికారం కావాలి!

ఐటీ కంపెనీల్లో, బ్యాంకుల్లో, ఆసుపత్రుల్లో, డిపోల్లో పనిచేస్తున్న టీమ్ లీడర్లారా, సూపర్‌వైజర్లారా, సెక్షన్ హెడ్లారా!

మీ టీమ్‌లో చూపులేని కుర్రాడు చేరాడనుకోండి. తెర మీది అక్షరాలను చదివి వినిపించే ఎన్‌వీడీఏ సాఫ్ట్‌వేర్ ఉంటే చాలు, తన పని తాను చేసుకుపోతాడు. అది ఉచితం, పైసా ఖర్చు లేదు. కానీ అతని సిస్టమ్‌లో ఎక్కించాలంటే ఐటీ వాళ్లకు టికెట్ వేయాలి, సెక్యూరిటీ వాళ్లు ఒప్పుకోవాలి, ఎందుకు కావాలో ఫారం నింపాలి. టికెట్ కదలదు. ఈలోగా అప్రైజల్ వచ్చిపడుతుంది. ‘ఔట్‌పుట్ తక్కువ’ అని రాయాల్సింది మీరు. ఇంక్రిమెంట్ పోయేది అతనికి.

తప్పెవరిదంటే అందరి వేళ్లూ మీ వైపే. మీకు నేర్పిందెవరు? టార్గెట్ మాత్రం పది తలలకు లెక్కగట్టి మీ నెత్తిన పెట్టారు. ఒకరికి కుదురుకునే వ్యవధి ఇస్తే ఆ లోటు తక్కిన తొమ్మిదిమంది పూడ్చాలట! ఆ లెక్క కింద నలిగే మేనేజర్, ఎంత మంచివాడైనా, ఆ ఒక్కరిని బరువుగా చూడక ఏం చేస్తాడు?

పైకి కనబడని ఇబ్బందుల సంగతి మరీనూ. ఆటిజం ఉన్న అమ్మాయికి రోజుకో సీటంటే సగం ఓపిక ఆ మార్పుకే అయిపోవచ్చు. ఏడీహెచ్‌డీ ఉన్న అతనికి మీరు కారిడార్‌లో నడుస్తూ చెప్పిన నాలుగు పనుల్లో రెండు జారిపోవచ్చు. అవే వరసగా మెయిల్‌లో పెట్టి చూడండి. ‘నీకేంటి ప్రాబ్లమ్?’ అని పదిమందిలో నిలదీయకండి. ‘నీ పని సాఫీగా సాగాలంటే ఏం మార్చాలి?’ అని విడిగా అడగండి. సర్టిఫికెట్ చూపిస్తేనే సీటు మారుస్తామనడం ఏం మర్యాద?

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాలను గుర్తించింది. ఆటిజం, డిస్లెక్సియా లాంటివీ అందులో ఉన్నాయి. ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించాలని అదే చట్టం 21వ సెక్షన్ చెబుతోంది. 20 మంది, అంతకు మించి ఉద్యోగులున్న ప్రైవేటు సంస్థలైతే సహాయ పరికరాలు, శిక్షణ, ప్రత్యేక సెలవులు, దివ్యాంగ ఉద్యోగుల వసతులు చూసే లయజాన్ ఆఫీసర్ నియామకం కూడా ఆ విధానంలో రాయాలని 2017 నిబంధనలు చెబుతున్నాయి. మీ ఆఫీసులో ఆ కాగితం ఎవరైనా చూశారా?

వర్ణాంధత్వం ఉందని ఇంటికి పంపిన డ్రైవర్‌కు తగిన వేరే ఉద్యోగం ఇమ్మని 2025లో సుప్రీంకోర్టు తెలంగాణ ఆర్టీసీని ఆదేశించింది. ఆ మాట ఇక్కడే తేలి ఉంటే ఢిల్లీ దాకా పోయే పనేముంది?

అందుకే యాజమాన్యాన్ని గట్టిగా అడుగుదాం. చిన్నచిన్న సర్దుబాట్లకు మేనేజరే సంతకం పెట్టాలి. ఖర్చు టీమ్ బడ్జెట్‌లో కోయకుండా కంపెనీ ఖాతాలో వేయాలి. కుదురుకునే నెలల్లో టీమ్ టార్గెట్ తగ్గించాలి. ట్రైనింగ్ అంటే వీడియో పెట్టి ‘నెక్స్ట్’ నొక్కించేది మాకొద్దు, వైకల్యంతో పనిచేస్తున్న ఉద్యోగులే వచ్చి చెప్పాలి, వాళ్లకు ఆ పనికి డబ్బివ్వాలి.

ఈ వారమే మీ టీమ్‌తో కలిసి హెచ్‌ఆర్‌కు లెటర్ రాయండి. నకలు దగ్గర పెట్టుకోండి. డిసెంబరు 3న దివ్యాంగుల దినోత్సవమని బెలూన్లు కట్టి కేకు కోస్తారు. కోసుకోనివ్వండి. ఆ రోజుకల్లా లయజాన్ ఆఫీసర్ పేరు, ఫోన్ నంబరు మీ ఫ్లోర్ నోటీసు బోర్డు మీద ఉండాలి!

ఇట్లు,
మీతోపాటు పంచ్ కొట్టే ఉద్యోగులు