ఎంటర్ నొక్కే ముందు

మన కార్యాలయాలలోని కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపే స్విచ్‌లు, రౌటర్లు అనే పరికరాలు ఉంటాయి. వాటికి సాధారణంగా తెర గాని మౌస్ గాని ఉండవు. ఇంజనీరు తన బల్ల వద్దనే కూర్చుని, నల్లని తెరపై ఒక్కొక్క పంక్తిగా ఆజ్ఞలు వ్రాసి వాటిని నడిపిస్తాడు. “రోజంతా ఆ నల్లని తెరలో ఏముంటుంది?” అని అడిగే కుటుంబ సభ్యుల కోసమూ, ఈ పనిలో కొత్తగా చేరిన యువ మిత్రుల కోసమూ ఈ నెల నాలుగు మాటలు.

ఆజ్ఞలు పొడవుగా ఉంటాయి. ప్రతిసారీ పూర్తిగా వ్రాసే శ్రమ లేకుండా కొన్ని మీటలు ఏర్పరచారు. సిస్కో పరికరాలలో మొదటి కొన్ని అక్షరాలు వ్రాసి ట్యాబ్ నొక్కితే మాట పూర్తవుతుంది. ప్రశ్నార్థకం నొక్కితే తరువాత ఏమి వ్రాయవచ్చునో చూపుతుంది. కంట్రోల్ మీటతో కలిపి ఏ నొక్కితే పంక్తి మొదటికి, ఈ నొక్కితే చివరికి చేరుతాము. డబ్ల్యు నొక్కితే వెనుకనున్న ఒక మాట చెరిగిపోతుంది. 1976లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో రూపొందిన ఈమాక్స్ అనే వ్రాత సాధనంలోనూ ఏ, ఈ మీటలు ఇదే పని చేస్తాయి. లినక్స్ యంత్రాలలోనూ అంతే. కనుక ఒకసారి నేర్చినది అనేక చోట్ల అక్కరకు వస్తుంది.

వీటన్నిటిలో ఎక్కువగా వాడేది పై బాణం. అది ఇంతకుముందు వ్రాసిన ఆజ్ఞను తిరిగి తెస్తుంది. ప్రమాదమూ అందులోనే ఉన్నది.

2009 వర్షాకాలంలో జంషెడ్‌పూర్‌లోని మా గదిలో కూర్చుని, ఖర్‌కాయి నది ఆవల ఆదిత్యపూర్‌లో ఉన్న ఒక స్విచ్‌లో మార్పులు చేస్తున్నాను. ఒకే తీగపై వేరువేరు విభాగాల సమాచారం కలిసిపోకుండా నడిచే దారులను వీలాన్‌లు అంటారు. కొత్తగా తీగ తగిలించిన ఒక పోర్టుకు ఒక వీలాన్‌ను అనుమతించాను. సక్రమంగా పనిచేసింది. తరువాత మా కార్యాలయంతో కలిపే ప్రధాన పోర్టుకు వెళ్లి, పై బాణంతో అదే పంక్తిని రప్పించి ఎంటర్ నొక్కాను.

అక్కడ ‘యాడ్’ అనే చిన్న మాట చేర్చవలసి ఉన్నది. ఆ మాట లేకపోతే పరికరం కొత్త దారిని పాత జాబితాకు కలపదు. పాత జాబితానంతా తీసివేసి కొత్తదానిని మాత్రమే ఉంచుతుంది. నేను ఆ స్విచ్‌ను చేరుకున్న దారి కూడా పాత జాబితాలోనిదే! కూర్చున్న కొమ్మను నేనే నరుక్కున్నాను. తెర కదలలేదు.

వర్షంలో నది దాటి వెళ్లి, స్విచ్‌కు విద్యుత్తు ఆపి మళ్లీ ఇచ్చాను. మార్పును భద్రపరచలేదు కనుక అది పూర్వస్థితికి వచ్చింది. కాని అప్పటికి రెండు గంటలు గడిచిపోయాయి. అది జీతాల పట్టికలు పంపవలసిన రోజు. అక్కడి గుమాస్తాగారు నన్ను ఒక్క మాటా అనలేదు. “తడిసిపోయారు, ముందు టీ తీసుకోండి” అన్నారు. చీవాట్లు పెట్టి ఉంటే ఇంతకాలం గుర్తుండేది కాదేమో.

ఆనాటినుండి రెండు నియమాలు పాటిస్తున్నాను. పై బాణంతో వచ్చిన పంక్తిని కంట్రోల్-ఏ నొక్కి, మొదటినుండి కొత్త పంక్తి వలె చదువుతాను. దూరాన ఉన్న పరికరమైతే, ఉన్న స్థితిని భద్రపరచి, మార్పుకు ముందే ‘రీలోడ్ ఇన్ 10’ అని ఆజ్ఞ ఇస్తాను. దారి తెగిపోయినా 10 నిమిషాలకు పరికరం తనంతట తానే పునఃప్రారంభమై పాత స్థితికి వస్తుంది. అంతా సక్రమంగా ఉంటే ‘రీలోడ్ క్యాన్సిల్’ అని ఆపి, అప్పుడు మార్పును భద్రపరుస్తాను.

పాత ఉత్తరానికి నకలు తీసి, తేదీ మార్చడం మరచి సంతకం చేసినవారు మనలో లేకపోలేదు. ఇదీ అటువంటిదే. యువ మిత్రులారా, వేళ్లకు వేగం తప్పక నేర్పండి. కాని ఎంటర్ మీదకు వెళ్లే వేలు మాత్రం ముందుగా కళ్ల అనుమతి తీసుకొనవలెను.